పిల్లల టీకాలు: 93 శాతం వచ్చినా ఎందుకు సరిపోదు? ఫ్లూ టీకా ఏటా ఎందుకు?

2022 అక్టోబరు చివర్లో ముంబయిలోని గోవండి, రఫీ నగర్‌లో రెండు రోజుల వ్యవధిలో ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. ముగ్గురూ దగ్గరి బంధువుల పిల్లలే. తీవ్రమైన జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు. తట్టు ప్రబలిందని అధికారులు గుర్తించేసరికి అది చుట్టుపక్కల బస్తీలకు పాకింది. నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ముంబయికి నిపుణుల బృందాన్ని పంపింది. ఆ తర్వాత రాంచీ, అహ్మదాబాద్, కేరళలోని మలప్పురం కూడా అదే జాబితాలో చేరాయి. మహారాష్ట్రలో మాలేగావ్, భివండీల్లోనూ కేసులు వచ్చాయి. భివండీ మరమగ్గాల మీద తరతరాలుగా పనిచేస్తున్న తెలుగు పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఇది మనకు ఎక్కడో జరిగిన సంగతి కాదు.

తట్టుకు టీకా దశాబ్దాలుగా ఉంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. దేశ ఆర్థిక రాజధానిలో, పెద్దాసుపత్రులకు కూతవేటు దూరంలో, అయినా పిల్లలు చనిపోయారు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన టీకాల వ్యవస్థ ఎంత గట్టిదో, ఎక్కడ పలుచబడుతోందో రెండూ తెలుస్తాయి. దానితో పాటే తల్లిదండ్రులు తరచూ అడిగే ఇంకో ప్రశ్న కూడా ఉంది: ప్రైవేటు డాక్టరు రాసే ఫ్లూ టీకా ప్రభుత్వ కార్డులో ఎందుకు లేదు? అది వేయించాలా, అక్కర్లేదా?

కార్డులో ఏముంది?

దేశంలో టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమంగా మారింది. ఏటా రెండున్నర కోట్లకు పైగా పుట్టే పిల్లలకు, దాదాపు 2.9 కోట్ల మంది గర్భిణులకు టీకాలు అందించడం దీని లక్ష్యం. ఇంత పెద్ద టీకాల కార్యక్రమాలు ప్రపంచంలో చాలా అరుదు.

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బీ. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా వైరస్ చుక్కలు. పెంటా అంటే ఒకే సూదిలో అయిదు జబ్బులకు రక్షణ: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బీ, హిబ్ బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు. న్యుమోకాకల్ టీకా ఆరు, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిదో నెలలో. పోలియో సూది మందు కూడా ఈ మూడు సందర్భాల్లోనే వేస్తారు. తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఆర్ టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోసారి. ఆ రెండో విడతలోనే డీపీటీ బూస్టరు, అయిదారేళ్లకు ఇంకో బూస్టరు, 10, 16 ఏళ్లకు టీడీ. మెదడువాపు జ్వరం ఉన్న జిల్లాల్లో దాని టీకా అదనం.

ఈ జాబితా ఒక్కసారిగా తయారైంది కాదు. పెంటా 2011లో కేరళ, తమిళనాడుల్లో మొదలైంది. రోటా టీకా 2016లో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. న్యుమోకాకల్ 2017లో మూడు రాష్ట్రాల్లో మొదలై 2021 నాటికి దేశమంతా వచ్చింది. 2014 డిసెంబరులో మిషన్ ఇంద్రధనుష్ మొదలైంది. టీకాలు అసలు పడనివారిని, మధ్యలో ఆగిపోయినవారిని ఇంటింటికీ వెళ్లి వెతకడం దాని పని.

ఫలితం కనిపిస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో ప్రధాన టీకాలన్నీ పడినవారు 2015-16లో 62 శాతం ఉంటే, 2019-21లో 76.4 శాతానికి పెరిగారు. అదే సర్వేలో తెలంగాణ 79 శాతం, ఆంధ్రప్రదేశ్ 73 శాతం దగ్గర ఉన్నాయి. ఒడిశా 90 శాతం దాటింది.

95 శాతం అనే గీత ఎక్కడి నుంచి వచ్చింది?

2024-25లో దేశంలో ఎంఆర్ మొదటి డోసు 93.7 శాతం, రెండోది 92.2 శాతం పిల్లలకు పడిందని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. పరీక్షలో అయితే డిస్టింక్షన్. తట్టు విషయంలో మాత్రం గట్టు దాటనట్టే.

ఎందుకంటే తట్టుకు ఉన్నంత అంటుకునే గుణం చాలా తక్కువ జబ్బులకు ఉంది. ఎవరికీ రక్షణ లేని చోట తట్టు సోకిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది. దగ్గిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. పైగా దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఆ బిడ్డ ఇతరులకు అంటిస్తుంటుంది. అంటే తల్లి ‘ఇది తట్టేమో’ అనుకునే లోపే పని జరిగిపోతుంది.

లెక్క సులువు. ఒకరి నుంచి 15 మందికి అంటుకునే జబ్బు ఆగాలంటే, ఆ 15 మందిలో కనీసం 14 మందికి రక్షణ ఉండాలి. అప్పుడు ఒకరి నుంచి ఒకరికే సోకుతుంది, క్రమంగా గొలుసు తెగుతుంది. 15లో 14 అంటే 93 శాతం. 18లో 17 అంటే 94 శాతానికి పైగా. రెండు డోసులూ 95 శాతం మందికి పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనక ఉన్నది ఇదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తొమ్మిది నెలలకు వేసే మొదటి డోసు సుమారు 85 శాతం మందిలోనే పనిచేస్తుంది. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో ఇంకా కొంత మిగిలి ఉండి టీకాను అడ్డుకోవడం ఇందుకు ముఖ్య కారణం. ఏడాది నిండాక వేస్తే బాగా పనిచేస్తుంది కానీ, మన దగ్గర తట్టు తిరుగుతున్నప్పుడు అంతదాకా ఆగడం ప్రమాదం. అందుకే మొదటిది త్వరగా, రెండోది తప్పకుండా.

ఒక బస్తీలో వంద మంది చిన్నపిల్లలు ఉన్నారనుకుందాం. 80 మందికి మొదటి డోసు మాత్రమే పడింది. వారిలో 68 మందికే రక్షణ. మిగిలిన 32 మంది, అంటే ముగ్గురిలో దాదాపు ఒకరు, వైరస్‌కు తలుపులు తెరిచి ఉన్నట్టే. ఆ 80 మందికీ రెండో డోసు కూడా పడితే రక్షణ ఉన్నవారు 77కి పైగా పెరుగుతారు. ‘మా వాడికి తట్టు టీకా వేయించాం’ అని ధీమాగా ఉండే ఇళ్లలో కూడా జబ్బు వచ్చేది ఇందుకే. అది టీకా తప్పు కాదు. సగం వేసిన టీకా అది.

సగటు దాచే సంగతి

93 శాతం అనేది దేశం మొత్తానికి సగటు. జబ్బు మాత్రం సగటులో ఉండదు, సందులో ఉంటుంది. ఒక కాలనీలో 99 శాతం, పక్క బస్తీలో 60 శాతం ఉంటే కాగితం మీద బాగానే కనిపిస్తుంది. తట్టు ఆ 60 శాతం బస్తీని వెతుక్కుంటూ వెళుతుంది.

గోవండి ఉన్న ముంబయి ఎం ఈస్ట్ వార్డు అలాంటిదే. దేవనార్ చెత్త డంపింగ్ యార్డు పక్కన కిక్కిరిసిన ఇళ్లు, ఒకే గదిలో ఆరేడుగురు, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చి పోయే కుటుంబాలు, పోషకాహారం అందని పిల్లలు. దాని మీద కోవిడ్ వచ్చి పడింది. 2020 లాక్‌డౌన్‌లో సాధారణ టీకాలు నెలల తరబడి కుంటుపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా ప్రకారం 2021లో భారత్‌లో ఒక్క డోసు కూడా అందని ‘జీరో డోసు’ పిల్లలు 27 లక్షల మంది. రెండేళ్ల పాటు ఇలా పోగైన పిల్లలంతా 2022లో ఒకే చోట దొరికారు.

తట్టు పోషకాహారం లేని బిడ్డను దెబ్బతీసే తీరు వేరు. చాలామంది అనుకున్నట్టు ఒంటిమీద దద్దుర్లు కాదు చంపేది. న్యుమోనియా, విరేచనాలు, మెదడువాపు చంపుతాయి. విటమిన్ ఎ తగ్గి కళ్లు పోవచ్చు. అంతకుముందు వచ్చిన జబ్బుల వల్ల ఒంటికి అబ్బిన రక్షణను కూడా తట్టు వైరస్ చెరిపేస్తుంది. అందుకే తట్టు తగ్గిన బిడ్డ ఆ తర్వాత నెలల తరబడి ఏదో ఒక జబ్బుతో తీసుకుంటూనే ఉంటుంది.

ఆ నవంబరులో కేంద్రం రెండు సూచనలు చేసింది. తట్టు ప్రబలిన చోట తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలందరికీ అదనంగా ఒక డోసు వేయడం ఒకటి. తొమ్మిది నెలల లోపు పసివారిలో కేసులు పది శాతం దాటిన చోట ఆరో నెల నుంచే ఒక డోసు ఇవ్వడం రెండోది. ఆ పసివారికి ఇచ్చే డోసును లెక్కలోకి తీసుకోరు. తర్వాత మామూలు రెండు డోసులూ వేయాల్సిందే.

జీరో డోసు పిల్లల సంఖ్య 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు అని అవే సంస్థల తాజా అంచనాలు. మెరుగుదల నిజమే. కానీ 9 లక్షల మంది అంటే ఒక పెద్ద జిల్లాలోని చిన్నపిల్లలందరి కంటే ఎక్కువ. తట్టు, రుబెల్లాలను 2026 నాటికి దేశంలో లేకుండా చేయాలన్న లక్ష్యంతో 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. అది నెగ్గాలంటే దొరకాల్సింది ఈ 9 లక్షల మందే.

ఎవరు తప్పిపోతున్నారు?

‘నిరక్షరాస్యులు’, ‘మూఢనమ్మకాలు’ అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. క్షేత్రంలో కారణాలు చిన్నచిన్నవి, చాలా ఉంటాయి.

మొదటిది వలస. టీకాల వ్యవస్థ ఊరి జాబితా మీద నడుస్తుంది. ఏఎన్‌ఎం దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర పేరు ఉంటే పిలుపు వస్తుంది. పేరు ఉన్న ఊళ్లో బిడ్డ లేదు, బిడ్డ ఉన్న ఊళ్లో పేరు లేదు. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు భవన నిర్మాణ పనులకు వెళ్లే కుటుంబాల కథ ఇదే. ఒడిశాలోని బొలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల కథా ఇదే. టీకాల్లో ముందున్న ఒడిశాలో మొదలుపెట్టిన డోసులు కూడా బట్టీ దగ్గర ఆగిపోవచ్చు. టీకా వివరాలను ఆన్‌లైన్‌లో ఉంచే యూ-విన్ ఈ సమస్య కోసమే వచ్చింది. ఫోన్ నంబరు ఆధారంగా దేశంలో ఎక్కడైనా తర్వాతి డోసు వేయించుకోవచ్చు. అయితే సీజను సీజనుకూ సిమ్ మారే ఇంట్లో అదెంత పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న.

రెండోది కూలి. టీకా ఉచితమే, కానీ ఆ పూట పని ఉచితం కాదు. పెంటా వేశాక బిడ్డకు జ్వరం వస్తే మర్నాడు కూడా తల్లి పనికి పోలేదు. ఒకసారి అలా అయ్యాక తర్వాతి డోసుకు వెనకాడుతుంది.

మూడోది పేరు. ఒకే జబ్బును తెలుగులో తట్టు అంటాం, కొన్ని చోట్ల పొంగు అంటారు. హిందీ, ఉర్దూల్లో ఖస్రా, మరాఠీలో గోవర్, బెంగాలీలో హామ్, ఒడియాలో మిళిమిళా, కన్నడలో దడార, తమిళంలో తట్టమ్మై, మలయాళంలో అంచాంపని. గోవండిలో ఇంటింటి సర్వేకు వెళ్లిన మనిషి ‘గోవర్ వచ్చిందా’ అని అడిగితే, బిహార్ నుంచి వచ్చిన తల్లి లేదనే చెబుతుంది. హైదరాబాద్ శివారు బట్టీలో ‘తట్టు’ అన్నా ఒడియా తల్లికి అర్థం కాదు. దీనికి తోడు దద్దుర్ల జ్వరాన్ని దేవతగా చూసే అలవాటు దేశమంతా ఉంది. మన దగ్గర ‘అమ్మవారు పోసింది’ అంటారు, ఉత్తరాదిన ‘మాత’ అంటారు. వేపాకు పెట్టడం వల్ల నష్టం లేదు. ‘అమ్మవారు ఉండగా సూది వేయకూడదు, ఆసుపత్రికి పోకూడదు’ అన్న చోటే ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం మొదలైన బిడ్డకు ఆ రెండు రోజులే కీలకం.

నాలుగోది భయం. 2017లో దక్షిణాదిన ఎంఆర్ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు వాట్సాప్‌లో పుకార్లు చుట్టుముట్టాయి. పిల్లలు పుట్టకుండా చేయడానికే ఈ సూది అన్నది వాటిలో పాత పాట. పోలియో కాలంలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వినిపించింది కూడా ఇదే. అక్కడ పోలీసులతో కాదు, ఇమామ్‌లతో, మసీదు మైకులతో, అదే వీధిలోని ఆడవాళ్లతో మాట్లాడించి నమ్మకం సంపాదించారు. 2011 జనవరిలో హౌరాలో వచ్చినదే దేశంలో చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చిలో పోలియోరహిత గుర్తింపు వచ్చింది.

అలాగని భయాలన్నీ గాలి కబుర్లు కావు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాలు వేశాక, జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట నొప్పులకు వాడే ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. పసిపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. టీకాలో లోపం లేదు, మాత్రలో తప్పు జరిగింది. కానీ ఆ వార్త విన్న తల్లికి గుర్తుండేది ‘టీకాకు వెళ్తే చనిపోయారు’ అన్న మాటే. ఇలాంటప్పుడు ఏం జరిగిందో దాచకుండా, త్వరగా, ఆ వీధిలోనే చెప్పకపోతే తర్వాత ఎన్ని పోస్టర్లు వేసినా లాభం లేదు.

గెలిచిన వాళ్లకూ నిద్ర లేదు

మన చుట్టుపక్కల చూస్తే మాల్దీవులు, భూటాన్ 2017లోనే తట్టును నిర్మూలించినట్టు గుర్తింపు పొందాయి. శ్రీలంక 2019లో ఆ జాబితాలో చేరింది. టీకాల విషయంలో దక్షిణాసియాకు శ్రీలంక ఆదర్శం. అలాంటి దేశంలోనూ 2023లో తట్టు మళ్లీ తలెత్తింది, ప్రత్యేకంగా టీకాలు వేయాల్సి వచ్చింది. మలప్పురంలో 2016లో కంఠసర్పి తిరిగొచ్చి టీనేజి పిల్లల ప్రాణాలు తీసింది. అదున్నది అక్షరాస్యతలో దేశానికే ముందున్న కేరళలో. చదువు ఒక్కటే సరిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి ఫ్లూ సంగతేంటి?

ఫ్లూ టీకా స్వభావం వేరు. తట్టు వైరస్ దశాబ్దాలుగా పెద్దగా మారలేదు, అందుకే రెండు డోసులు జీవితాంతం కాపాడతాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఏటా వేషం మారుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాలతో టీకా చేయాలో చెబుతుంది. పోయినేడు వేయించుకున్నది ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు. కలిసొచ్చిన ఏడాదిలో జబ్బును 40 నుంచి 60 శాతం దాకా ఆపుతుంది. ఆపలేకపోయినా ఆసుపత్రిలో చేరే పరిస్థితిని, మరణాన్ని తగ్గిస్తుంది.

ఫ్లూ అంటే జలుబు కాదు. 2015లో స్వైన్ ఫ్లూగా పిలిచిన హెచ్1ఎన్1 దేశంలో 42 వేల మందికి పైగా సోకి, దాదాపు 3 వేల మందిని బలి తీసుకుంది. ఆ ఏడాది జనవరిలో హైదరాబాద్ ఆసుపత్రుల్లో ప్రత్యేక వార్డులు నిండిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2తో కర్ణాటక, హర్యానాల్లో మరణాలు నమోదయ్యాయి.

అయినా జాతీయ కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. ఏటా మళ్లీ వేయాల్సి రావడం, ఖర్చు, ప్రభావంలో హెచ్చుతగ్గులు ముఖ్యమైన కారణాలు. దేశమంతటికీ ఒకే సీజను లేకపోవడం ఇంకొకటి. మన దగ్గర ఫ్లూ జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలం తర్వాత ఇంకోసారి విజృంభిస్తుంది. కశ్మీర్‌లో చలికాలపు జబ్బు, దక్షిణాదిలో ముసురు జబ్బు. అదే డబ్బుతో ఎంఆర్ రెండో డోసును చివరి ఇంటికి చేర్చడమా, ఫ్లూ టీకా మొదలుపెట్టడమా అన్నప్పుడు ప్రభుత్వాలు మొదటిదే ఎంచుకుంటూ వచ్చాయి. ఆ వరుస తప్పని చెప్పలేం.

కానీ ముప్పు ఎక్కువున్న వారి సంగతి వేరు. గర్భిణులు, 65 ఏళ్లు దాటినవారు, అయిదేళ్ల లోపు పిల్లలు, మధుమేహం, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు, ఆరోగ్య సిబ్బంది ఈ కోవలోకి వస్తారు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు పిల్లలకు ఏటా వేయించాలని భారతీయ శిశువైద్యుల సంఘం సిఫార్సు చేస్తోంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ టీకా ఇవ్వరు. గర్భంలో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే ఆ యాంటీబాడీలే బిడ్డను తొలి నెలల్లో కాపాడతాయి. ప్రైవేటులో ఒక డోసుకు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇద్దరు పిల్లలున్న కూలి ఇంటికి అది పదిహేను రోజుల వెచ్చాలు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో గర్భిణులకు, ముప్పు ఎక్కువున్న వారికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కనీసం గర్భిణుల వరకైనా ఇతర రాష్ట్రాలు ఆలోచించాల్సిన దారి అది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

ముందు కార్డు తీసి చూడండి. తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. ఎంఆర్ రెండో డోసు, దానితోపాటు పడాల్సిన డీపీటీ బూస్టరు ఎక్కువగా మర్చిపోయేవి ఇవే. ఏడాదిన్నర వచ్చాక బిడ్డ నడుస్తుంది, ఆడుతుంది, కార్డు బీరువాలోకి పోతుంది.

డోసు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. ఎంఆర్ అయిదేళ్ల వరకు వేయించవచ్చు. పెంటా, రోటా మొదటి డోసు మాత్రం ఏడాదిలోపు పడాలి.

మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు ఉన్నాయని టీకా వాయిదా వేయక్కర్లేదు. వేయించాక అరగంట అక్కడే ఉండండి. జ్వరానికి ఇచ్చిన మాత్ర పేరు, ఎంత వేయాలో అడిగి కార్డు మీద రాయించుకోండి.

ఫ్లూ టీకా వేయించగలిగితే వానలకు ముందు మంచిది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, తర్వాత ఏటా ఒకటి. ఎంఆర్, ఫ్లూలలో ఒకదానికే వీలు ఉంటే సందేహించక్కర్లేదు: ముందు ఉచితంగా వచ్చే ఎంఆర్ రెండు డోసులూ పూర్తి చేయండి.

జ్వరంతో దద్దుర్లు వస్తే, దాన్ని ఏ పేరుతో పిలిచినా, ఆశా కార్యకర్తకో ఆరోగ్య కేంద్రానికో చెప్పండి. బిడ్డను బడికి, అంగన్‌వాడీకి పంపకండి. దద్దుర్లు వచ్చిన నాలుగు రోజుల దాకా అంటుకుంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ ఎ ఇప్పిస్తే చూపు, ప్రాణం దక్కే అవకాశం పెరుగుతుంది. ఎగశ్వాస, మగత, ఫిట్స్, పాలు తాగకపోవడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు.

చివరగా, మీ వీధిలో కొత్త ఇల్లు కడుతుంటే అక్కడ షెడ్డు వేసుకుని ఉన్న కుటుంబంలో చిన్నపిల్లలు ఉన్నారేమో చూడండి. వారి పేరు ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు. బుధవారం టీకాలు ఎక్కడ వేస్తారో వారికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఒక్క మాట చెప్పడానికి వైద్యం చదవక్కర్లేదు.